ఈ పేరు ఏ ఇంటిది?

పైథాన్ తెరిచి పౌ(2, 53) + 1 అని కొట్టండి. 9007199254740993 అని వస్తుంది. ఇప్పుడు పైన ఒక్క లైన్ చేర్చండి: ఫ్రమ్ మ్యాథ్ ఇంపోర్ట్ స్టార్. వర్గమూలం కోసమో, సైన్ విలువ కోసమో కోడింగ్ నేర్చుకునే ప్రతివాళ్లూ ఏదో ఒక రోజు రాసే లైనే అది. మళ్లీ అదే లెక్క అడగండి. ఈసారి 9007199254740992.0 అంటుంది. చివరి అంకెలో ఒకటి తగ్గింది. ఎర్రర్ రాలేదు, హెచ్చరికా రాలేదు.

జరిగింది ఇదీ. పైథాన్‌తో పుట్టిన పౌ పూర్ణాంకాలను పూర్ణాంకాలుగానే ఉంచి హెచ్చిస్తుంది. మ్యాథ్ మాడ్యూల్‌లో అదే పేరుతో ఉన్న పౌ అన్నిటినీ ఫ్లోట్‌లుగా మార్చి లెక్క కడుతుంది. రెండు పవర్ యాభైమూడు దాటాక బేసి సంఖ్యలకు ఫ్లోట్‌లో చోటు లేదు. స్టార్ పెట్టి తెచ్చిన పేర్లలో ఈ పౌ కూడా ఉంది. అది వచ్చి పాతదాని మీద కూర్చుంది. మనం పిలిచింది ఒకరిని, పలికింది ఇంకొకరు.

నేమ్‌స్పేస్ అంటే ఏమిటని తెలుగులో ఎవరైనా అడిగితే ఇంటిపేరు అని చెబుతాను. ఊళ్లో నలుగురు సుబ్బారావులుంటే ఏ సుబ్బారావని అడుగుతాం, ఇంటిపేరుతో చెబుతారు. మనం ఇంటిపేరు ముందు పెట్టి సొంత పేరు తర్వాత రాస్తాం. మ్యాథ్.పౌ కూడా సరిగ్గా ఆ వరసలోనే ఉంటుంది. ఇంటిపేరు పొడవైతే పొడి అక్షరాలు చేసుకుంటాం. నందమూరి తారక రామారావు ఎన్.టి. రామారావు అయినట్టే పైథాన్ కోడ్‌లో నమ్‌పై 'ఎన్‌పీ' అయింది, పాండాస్ 'పీడీ' అయింది. ఇంట్లో ఉన్నంతసేపూ ఒకరినొకరు ఇంటిపేరుతో పిలుచుకోనక్కర్లేదు. చిక్కంతా పొరుగింటివాళ్లను మనింట్లోకి పిలుచుకున్నప్పుడే. ప్రతిసారీ ఇంటిపేరుతో పిలవాలా? కావలసిన ఇద్దరినీ పేరుపేరునా ఎంచి తెచ్చుకోవాలా? లేక ఇంటిల్లిపాదినీ రమ్మని తలుపులు తెరిచేయాలా? యాభై ఏళ్లుగా ప్రోగ్రామింగ్ భాషలు దీనికి ఒక్కొక్కటీ ఒక్కో జవాబు చెబుతూ వచ్చాయి. ఒకసారి చెప్పిన జవాబును తర్వాత దిద్దుకున్న భాషలూ ఉన్నాయి.

సీ భాషలో ఇంటిపేర్లే లేవు. ఒక ఫైల్ దాటి కనిపించే ఫంక్షన్ పేర్లన్నీ ఒకే వీధిలో ఉంటాయి. పైగా 1989 ప్రమాణం ప్రకారం ఫైళ్ల మధ్య చెల్లే పేర్లలో మొదటి ఆరు అక్షరాలను గుర్తిస్తే చాలు, కంపైలర్ తన బాధ్యత తీర్చుకున్నట్టే. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా కూడా పట్టించుకోనక్కర్లేదు. 1999 ప్రమాణంలో అది 31 అక్షరాలయింది. పాత సీ పేర్లు అంత కుదించుకుపోయి, అచ్చులు రాలిపోయి ఉండడం ఎందుకో ఈ ఆరక్షరాల కథ తెలిస్తే కొంత అర్థమవుతుంది. ఇంటిపేరు లేని చోట జనం తామే తయారు చేసుకున్నారు. ఎస్‌క్యూలైట్ ఫంక్షన్లన్నీ 'ఎస్‌క్యూలైట్3' అంటూ మొదలవుతాయి, జీటీకేవన్నీ 'జీటీకే' అంటూ మొదలవుతాయి. భాష ఇవ్వని క్రమశిక్షణను మనుషులు మాట మీద నిలబెట్టుకున్నారు. అది ఇన్ని దశాబ్దాలు పని చేసిందంటే ఆ ప్రోగ్రామర్లకు దండం పెట్టాల్సిందే.

కానీ ఆ మాట మీద నిలబడని పాత పేర్లు కొన్ని ఇప్పటికీ కాళ్లకు అడ్డం పడుతుంటాయి. రేఖాగణితం లెక్కకు రెండు బిందువులు కావాలని మెయిన్‌కు బయట ఎక్స్1, వై1, ఎక్స్2, వై2 అని నాలుగు వేరియబుల్స్ రాసి, లెక్కల హెడర్ చేర్చి జీసీసీతో కంపైల్ చేయండి. ఎక్స్1 ఒప్పుకుంటుంది, వై2 ఒప్పుకుంటుంది, వై1 దగ్గర మాత్రం ఆ పేరు ఇంతకుముందే ఉందని ఎర్రర్ వస్తుంది. మనం ఎక్కడా రాయలేదే అని తల పట్టుకుంటాం. బెసెల్ ఫంక్షన్లలో రెండో రకానికి గణితంలో వై అని గుర్తు. వై0, వై1 అని ఆ ఫంక్షన్లు యూనిక్స్ కాలం నుంచీ లెక్కల హెడర్‌లో ఉన్నాయి. వేరియబుల్‌ను మెయిన్ లోపలికి జరిపితే ఎర్రర్ పోతుంది. ఆన్‌లైన్ కోడింగ్ పోటీలు రాసే ఇంజినీరింగ్ విద్యార్థులు దీన్ని ఒక్కసారి తగిలించుకుంటే జన్మలో మరిచిపోరు. బెసెల్ ఫంక్షన్ అంటే ఏమిటో తెలియకుండానే దాని పేరుతో తగవు పడిన వాళ్లు ఎందరో.

ఈ సమస్యను పేర్ల తగవుగా కాక, గోడలు ఎక్కడ కట్టాలన్న ప్రశ్నగా చూసినవాడు డేవిడ్ పార్నాస్. 1972లో ఆయన రాసిన పరిశోధన వ్యాసం ప్రోగ్రామ్‌ను మాడ్యూళ్లుగా విడగొట్టడానికి ఒక కొలబద్ద ఇచ్చింది. ఏ నిర్ణయం రేపు మారే అవకాశం ఉందో దాన్ని ఒక గోడ వెనక దాచాలి, పక్కవాళ్లకు తలుపు మాత్రమే కనిపించాలి. ఆ తలుపు దగ్గర ఏ పేర్లు బయటికి వెళ్లొచ్చు, ఏ పేర్లు లోపలికి రావొచ్చు అన్నది భాషలోనే రాసుకునేలా చేసిన వాళ్లలో ముందు చెప్పుకోవలసింది నిక్లాస్ విర్త్. ఆయన మాడ్యులా-2లో రెండు దారులూ ఉన్నాయి. మాడ్యూల్‌ను మొత్తంగా ఇంపోర్ట్ చేసి ఇంటిపేరుతో పిలవొచ్చు, లేదా ఫలానా మాడ్యూల్ నుంచి ఫలానా పేరు కావాలని ఎంచి తెచ్చుకుని వట్టి పేరుతో పిలవొచ్చు.

ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన ఘట్టం ఆ తర్వాతిది. 1980ల చివర ఒబెరాన్ భాష రూపొందించినప్పుడు విర్త్ ఆ రెండో దారిని తీసేశాడు. ఒబెరాన్‌లో ఇంపోర్ట్ అంటే మాడ్యూల్ పేరే. కావాలంటే దానికి పొట్టి పేరు పెట్టుకోవచ్చు, కానీ లోపలి ఫంక్షన్‌ను ఎప్పుడూ ఇంటిపేరుతోనే పిలవాలి. తన భాషలో తానే పెట్టిన సౌకర్యాన్ని ఒక పెద్దమనిషి వెనక్కి తీసుకోవడం అరుదు. వట్టి పేరుతో పిలిస్తే కోడ్ రాసేటప్పుడు నాలుగు అక్షరాలు మిగులుతాయి, నిజమే. కానీ చదివేవాడు ప్రతి పేరు దగ్గరా ఆగి ఇది ఎక్కడిదని పైకి వెళ్లి వెతుక్కోవాలి. రాయడం ఒకసారి, చదవడం పదిసార్లు. విర్త్ చేసిన ఈ ఎంపికను చాలా భాషలు పట్టించుకోలేదు. పట్టించుకున్న భాష ఇరవై ఏళ్ల తర్వాత వచ్చింది, దాని సంగతి చివర్లో చెబుతాను.

సీ++ 1998 ప్రమాణంతో నేమ్‌స్పేస్‌లు తెచ్చింది. ప్రామాణిక లైబ్రరీ మొత్తానికీ 'ఎస్‌టీడీ' అన్న ఒకే ఇంటిపేరు. అయినా మన కాలేజీ పాఠాల్లో మొదటి రోజు నేర్పేది 'యూజింగ్ నేమ్‌స్పేస్ ఎస్‌టీడీ' అన్న లైన్. ఇంటిపేరు కనిపెట్టిన రోజే దాన్ని తీసి పక్కన పెట్టమని నేర్పుతున్నాం. పదిహేను లైన్ల ప్రోగ్రామ్‌లో దానివల్ల ఏ హానీ లేదు. హానల్లా అది హెడర్ ఫైల్‌లోకి ఎక్కినప్పుడు, ఆ హెడర్‌ను చేర్చుకున్న ప్రతి ఫైల్‌లోకీ చెప్పాపెట్టకుండా వెళ్లినప్పుడు. 2017 ప్రమాణంలో లైబ్రరీలోకి 'బైట్' అన్న కొత్త పేరు వచ్చింది. విండోస్ హెడర్లలో బైట్ అన్న పేరు ఎప్పటినుంచో ఉంది. ఇన్నాళ్లూ సాఫీగా కంపైల్ అయిన ప్రాజెక్టులు, ఒక్క అక్షరం మార్చకపోయినా, ఏ బైట్ కావాలో తేల్చుకోలేక ఆగిపోయాయి.

సీ++ పక్షాన ఒక మాట చెప్పాలి. అన్నిటికీ ఇంటిపేరు పెట్టి పిలవడం కుదరదు. రెండు స్ట్రింగ్‌ల మధ్య కూడిక గుర్తు పెట్టినప్పుడు ఆ గుర్తు ముందు ఇంటిపేరు ఎలా రాస్తాం? అందుకే ఆర్గ్యుమెంట్లు ఏ ఇంటివో చూసి ఆ ఇంట్లో కూడా ఫంక్షన్ కోసం వెతికే నియమం పెట్టారు. ఆండ్రూ కోనిగ్ పేరుతో దాన్ని పిలుస్తారు. గుర్తులకు అది చక్కగా అమరింది. మామూలు ఫంక్షన్లకు మాత్రం, మనం పిలవని చుట్టం ఆర్గ్యుమెంట్ వెంట వచ్చి కూర్చునే అవకాశాన్నీ తెచ్చిపెట్టింది.

జావా ఇంటిపేరును ఇంటర్నెట్ చిరునామాతో ముడిపెట్టింది. సంస్థ డొమైన్‌ను తిరగేసి ప్యాకేజీ పేరుగా వాడమంది. డొమైన్ ఒకరిదే కాబట్టి పేరూ ఒకరిదే. ఆలోచన గొప్పది. అయినా 1998లో జావా 1.2 వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడండి. తెర మీద జాబితా చూపించే 'లిస్ట్' అన్న క్లాసు ఏడబ్ల్యూటీ ప్యాకేజీలో మొదటినుంచీ ఉంది. కొత్త వెర్షన్‌లో యుటిల్ ప్యాకేజీకి కూడా 'లిస్ట్' వచ్చింది. రెండు ప్యాకేజీలనూ స్టార్ పెట్టి తెచ్చుకున్న పాత ప్రోగ్రాములు కంపైల్ కావడం మానేశాయి. 'రికార్డ్' అన్న పేరు జావా భాషలోకే వచ్చాక, అదే పేరున్న సొంత క్లాసును వేరే ప్యాకేజీ నుంచి స్టార్‌తో తెచ్చుకున్న వాళ్లకు మళ్లీ అదే అనుభవం.

లైబ్రరీ రాసేవాళ్ల దృష్టిలో కొత్త ఫంక్షన్ చేర్చడం ఎవరికీ కీడు చేయని పని. పాతవేవీ తీసేయలేదు, మార్చలేదు కదా. హాస్కెల్ ప్యాకేజీల వెర్షన్ నియమాలు కూడా అంతే అంటాయి, కొత్త పేరు చేరిస్తే చిన్న వెర్షన్ పెంచితే చాలు. కానీ స్టార్ పెట్టి తెచ్చుకున్నవాడు ఈ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్లనే కాదు, రేపు పుట్టబోయేవాళ్లను కూడా పిలిచేసినట్టు. పేరుపేరునా ఎంచుకున్నవాడికి ఆ బెడద లేదు. నా దృష్టిలో స్టార్ ఇంపోర్ట్ మీద ఉన్న ఫిర్యాదులన్నిటిలో గట్టిది ఇదే. అయినా ఊగిసలాట ఆగలేదు. 2025లో వచ్చిన జావా 25 ఒకే లైన్‌తో మొత్తం మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసుకోనిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు పని సులువు చేయాలన్నది ఉద్దేశం. యుటిల్‌లో ఒక డేట్, ఎస్‌క్యూఎల్‌లో ఒక డేట్ ఉన్న భాషలో అది ఎంత సులువో వాడేవాళ్లు చూస్తారు.

ఎర్రర్ వచ్చి ఆగిపోవడం నిజానికి అదృష్టం. జావా, సీ++ కంపైలర్లు ఏది కావాలని అడుగుతాయి. అడగకుండా తనే నిర్ణయించేసే భాష ఆర్. గణాంకాలు, ప్రజారోగ్యం, వ్యవసాయ పరిశోధన, ఇలా కోడింగ్ వృత్తి కాని ఎందరో వాడే భాష అది. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఆర్‌లో లైబ్రరీ అని రాసి ప్యాకేజీ పేరు ఇస్తే ఆ ప్యాకేజీ బయటపెట్టిన ఫంక్షన్లన్నీ వెతుకులాట వరసలో ముందుకొచ్చి నిలబడతాయి. అంటే మామూలు ఇంపోర్టే ఇక్కడ స్టార్ ఇంపోర్ట్. చివర తెచ్చినదే ముందు కనిపిస్తుంది. డీప్లైర్ ప్యాకేజీ తెచ్చిన ప్రతిసారీ ఎర్రటి అక్షరాల్లో ఒక సందేశం వస్తుంది, స్టాట్స్ ప్యాకేజీలోని ఫిల్టర్, లాగ్ ఇక కనిపించవని. రోజూ వచ్చే సందేశం కాబట్టి ఎవరూ చదవరు. ఫిల్టర్ సంగతి తేలికే. డీప్లైర్ తేవడం మరిచిపోయి ఫిల్టర్ అని రాస్తే స్టాట్స్ ఫిల్టర్ పలుకుతుంది, మన కాలమ్ పేరు దొరకలేదని ఎర్రర్ ఇస్తుంది. మాస్ ప్యాకేజీని డీప్లైర్ తర్వాత తెస్తే సెలెక్ట్ కూడా ఇలాగే ఎర్రర్ ఇస్తుంది. ఆర్ రాసేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు చూసిన ఎర్రరే అది.

లాగ్ అలా కాదు. నిన్నటి విలువను నేటి వరసలోకి తెచ్చుకోవడానికి డీప్లైర్ లాగ్ వాడతాం. ఒకటి, రెండు, మూడు అని ఇస్తే ఖాళీ, ఒకటి, రెండు అని ఇస్తుంది. స్టాట్స్ లాగ్ కాలశ్రేణుల కోసం రాసినది. మామూలు వెక్టర్ ఇస్తే విలువలను ఒక్క గడి కూడా కదపదు, వాటికి అంటించిన కాలం గుర్తును మాత్రం జరుపుతుంది. అంటే ఒకటి, రెండు, మూడు ఇస్తే ఒకటి, రెండు, మూడే వస్తాయి. నేటి కేసుల్లోంచి నిన్నటి కేసులు తీసేద్దామని రాసిన లెక్కలో నేటి నుంచి నేటినే తీసేసినట్టవుతుంది. ఎర్రర్ రాదు. స్క్రిప్ట్ పైన ఒక లైబ్రరీ లైన్ ఉందా లేదా అన్నదాని మీద, ఎంతో దిగువన ఉన్న ఒక సంఖ్య అర్థమే మారిపోతోంది.

ఆర్ దీన్ని గుర్తించలేదని కాదు. 2003లో వచ్చిన 1.7.0 వెర్షన్‌తోనే ప్యాకేజీలకు నేమ్‌స్పేస్ వచ్చింది, 2011లో 2.14.0తో ప్రతి ప్యాకేజీకీ తప్పనిసరి అయింది. ప్యాకేజీ రాసేవాళ్లు తమ ఫైల్‌లో ఏ ఇంటి నుంచి ఏ ఫంక్షన్ తెస్తున్నారో పేరుపేరునా చెబుతారు. వాడేవాళ్లు తర్వాత ఏ లైబ్రరీ తెచ్చుకున్నా ప్యాకేజీ లోపలి పేర్లు చెదరవు. అంటే ప్యాకేజీ రాసే నిపుణుడికి గట్టి గోడ కట్టి, స్క్రిప్ట్ రాసే మామూలు మనిషిని వీధిలో వదిలేశారు. రక్షణ ఎక్కువ అవసరమైనవాడికే తక్కువ దొరికింది. తర్వాత మరమ్మతులు వచ్చాయి. 2019 నాటి 3.6.0 నుంచి లైబ్రరీ తెచ్చేటప్పుడు ఫలానా ఫంక్షన్లు మాత్రమే చాలని చెప్పొచ్చు. హ్యాడ్లీ విక్‌హామ్ రాసిన కాన్‌ఫ్లిక్టెడ్ ప్యాకేజీ పెట్టుకుంటే రెండిళ్లలో ఒకే పేరు ఉన్నప్పుడు, ఏది కావాలో చెప్పేదాకా ఆర్ ముందుకు కదలదు. ఆర్ నేర్పే ప్రతి శిక్షణలోనూ మొదటి వారంలోనే ఈ రెండూ చెప్పాలని నా పట్టు. రెండు కోలన్లు పెట్టి డీప్లైర్ ఫిల్టర్ అని పూర్తిగా రాసే అలవాటు అంతకన్నా మంచిది.

పైథాన్‌లో మరో రకం తిరకాసు ఉంది. స్టార్ పెట్టకుండా, ఫంక్షన్‌ను పేరుతో ఎంచి తెచ్చుకున్నా సరే, వచ్చేది ఆ క్షణంలో ఆ పేరు చూపిస్తున్న వస్తువు. తర్వాత మాడ్యూల్‌లో ఆ పేరుకు కొత్త విలువ పెట్టినా మన దగ్గర పాతదే ఉంటుంది. టెస్టుల్లో నకిలీ ఫంక్షన్ పెట్టి, అది ఎందుకు పని చేయడం లేదని గంటలు పోగొట్టుకునేది ఇక్కడే. మాడ్యూల్‌ను మొత్తంగా తెచ్చుకుని ఇంటిపేరుతో పిలిస్తే, పిలిచిన ప్రతిసారీ ఆ ఇంటికి వెళ్లి చూసుకుంటుంది, కొత్తదే దొరుకుతుంది.

ఇంకొకటి, మన ఫైల్‌కే ర్యాండమ్ అని పేరు పెట్టుకోవడం. ర్యాండమ్ సంఖ్యల మీద ప్రోగ్రామ్ రాస్తూ ఫైల్‌కు అదే పేరు పెట్టడం సహజం. పైథాన్ ముందు మన ఫోల్డర్‌లోనే వెతుకుతుంది కాబట్టి ప్రామాణిక లైబ్రరీకి బదులు మన ఫైలే తనను తాను ఇంపోర్ట్ చేసుకుంటుంది. ఏళ్ల తరబడి అర్థం కాని ఎర్రర్ వచ్చేది. 2024లో వచ్చిన 3.13 వెర్షన్ ఇప్పుడు ఆ ఎర్రర్‌లోనే చెబుతుంది, మీ ఫైల్ పేరు ప్రామాణిక మాడ్యూల్ పేరే, మార్చి చూడండని. చిన్న మార్పే, కానీ కొత్తవాళ్లకు ఇంతకన్నా పెద్ద ఉపకారం లేదు.

జావాస్క్రిప్ట్‌కు 2015 వరకు భాషలో మాడ్యూళ్లే లేవు. డాలర్ గుర్తు తనదని ప్రోటోటైప్ లైబ్రరీ, తనదని జేక్వెరీ పోట్లాడుకుంటే, జేక్వెరీ 'నోకాన్‌ఫ్లిక్ట్' అన్న ఫంక్షన్ ఇచ్చి ఆ గుర్తును వదులుకునే దారి పెట్టింది. ఇప్పుడు కొత్త కోడ్‌కు మంచి ఇంపోర్ట్ పద్ధతి ఉంది. కానీ పాత పేర్ల బరువు పోలేదు. లోపలి జాబితాలను విప్పి ఒకే జాబితా చేసే ఫంక్షన్‌కు 'ఫ్లాటెన్' అని పేరు పెడదామనుకున్నారు. మూటూల్స్ అనే పాత లైబ్రరీ అదే పేరును అంతకుముందే వాడేసింది. ఆ పేరు పెడితే పాత వెబ్‌సైట్లు విరుగుతాయని 2018లో తేలి, చివరికి 'ఫ్లాట్' అని పెట్టారు. వీధిలో వదిలిన పేరును వెనక్కి తీసుకోవడం ఎవరి వల్లా కాదు.

విర్త్ మాటను పట్టించుకున్న భాష గో. 2009లో బయటికొచ్చిన ఈ భాషలో మామూలుగా ప్రతి పొరుగు ఫంక్షన్‌నూ ప్యాకేజీ పేరుతోనే పిలుస్తారు. చుక్క పెట్టి అన్నీ తెచ్చుకునే దారి ఉన్నా మర్యాదస్తులు వాడరు. తెచ్చి వాడని ప్యాకేజీ ఉంటే కంపైల్ కాదు. రెండు ప్యాకేజీలు ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకుంటే కంపైల్ కాదు. దీనివల్ల పేర్లు పెట్టే పద్ధతే మారిపోయింది. బైట్స్ ప్యాకేజీలో బఫర్ అని ఉంటుంది, బైట్‌బఫర్ అని ఉండదు. ఇంటిపేరు పక్కనే ఎప్పుడూ కనిపిస్తుందని తెలిసినప్పుడు సొంత పేరు పొట్టిగా, తేలిగ్గా పెట్టుకోవచ్చు. ఏ భాష రాస్తున్నా పెద్ద ప్రాజెక్టులో నేను ఎంచుకునే పద్ధతి ఇదే. తెర ముందు కూర్చుని అప్పటికప్పుడు లెక్కలు వేసుకునేటప్పుడు స్టార్ పెట్టుకోవచ్చు, కిటికీ మూయగానే అది పోతుంది. భద్రపరిచే ఫైల్‌లో మాత్రం వద్దు.

ఇంత నచ్చిన గో భాష దగ్గర తెలుగువాడిగా నాకొక బాధ ఉంది. ఏ పేరు ప్యాకేజీ దాటి బయటికి వెళ్లొచ్చో గో ఒక చక్కటి ఉపాయంతో తేలుస్తుంది. మొదటి అక్షరం పెద్దక్షరమైతే బయటికి కనిపిస్తుంది, చిన్నదైతే ఇంట్లోనే ఉంటుంది. వేరే కీవర్డ్ అక్కర్లేదు. కానీ మన లిపిలో పెద్దక్షరాలు లేవు. అంతకన్నా ముందు, గో పేర్లలో అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేవీ చెల్లవు. గుణింతపు గుర్తులను, పొల్లును యూనికోడ్ అక్షరాలుగా కాక వేరే తరగతిగా లెక్కిస్తుంది. అందువల్ల 'వయసు' అన్న పేరు గోలో రాయలేం, కొమ్ము దగ్గర ఆగిపోతుంది. 'గడప' అని రాయొచ్చు, అందులో మూడూ తలకట్టు అక్షరాలే. అయితే ఆ గడప ప్యాకేజీ గడప దాటలేదు. ముందు ఒక ఇంగ్లిష్ పెద్దక్షరం తగిలిస్తే తప్ప పక్క ప్యాకేజీకి కనిపించదు. గో రూపకర్తలకు ఈ లోటు తెలుసు, దేవనాగరి వంటి లిపులకు ఇబ్బంది ఉందని వాళ్లే ఒప్పుకున్నారు.

పైథాన్‌లో 2008 నాటి 3.0 నుంచి ఈ అడ్డంకి లేదు. కొలతలు అని ఫైల్‌కు పేరు పెట్టి, అందులో వైశాల్యం అని ఫంక్షన్ రాసి, పక్క ఫైల్‌లో ఇంపోర్ట్ కొలతలు అని తెచ్చుకుని, కొలతలు.వైశాల్యం(6, 4) అని అడిగితే 24 అని జవాబు వస్తుంది.